అన్నయ్య వచ్చేశాడుగా, మామ్మకి నిద్రేదీ?

రండర్రా, ఇలా అరుగు మీదికి రండి. ఆ చాప ఇటు లాగు. దోమల బత్తీ ఆ మూల పెట్టు, గాలి ఇటే వీస్తోంది, పొగంతా మన మీదికొస్తుంది. ఆఁ, ఇప్పుడు సరిగ్గా ఉంది. పొద్దున్న మన చిట్టి నన్నో ప్రశ్న అడిగింది. అప్పట్నుంచీ అది నా బుర్రలో తిరగలి తిరిగినట్టు తిరుగుతూనే ఉంది. అందుకే మీ అందర్నీ కేకేశాను.

నిన్న ఏం జరిగిందో మీకు తెలుసుగా. కాకినాడ నుంచి అన్నయ్య ఆరింటికల్లా వస్తానన్నాడు. ఏడయినా రాలేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. పైగా సన్నగా వాన, దానికి తోడు ఈదురుగాలి. మీ మామ్మ గేటు దాకా వెళ్తుంది, వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. చేటలో బియ్యం ఏరుతూ కూచుందా, నేను చూస్తూనే ఉన్నాను, రాళ్ళు చేటలో ఉంచి బియ్యం గింజలు బయట పారేస్తోంది. ఎనిమిదిన్నరకి వాడు దిగాడు. యానాం దగ్గర బస్సు టైరు పంక్చరయింది, ఫోనులో చార్జింగు లేదు, అంతే. వేడివేడిగా అన్నం తిన్నాడు, పడుకున్నాడు, ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాడు. మామ్మ మాత్రం రాత్రి రెండింటి దాకా మంచం మీద దొర్లుతూనే ఉంది. చిట్టి పక్కనే పడుకుంది కాబట్టి చూసింది. తెల్లారాక నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది: "తాతయ్యా, అన్నయ్య వచ్చేశాడుగా. మామ్మకి ఇంకా గుండె దడ ఎందుకు?"

ఎంత మంచి ప్రశ్నర్రా! పెద్దవాళ్ళకి ఈ ప్రశ్న తట్టదు. "పెద్దావిడ, చాదస్తం" అని తేల్చేసి పనుల్లో పడిపోతారు. మన ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రాకూడదని నాకుంది. ఎందుకో చెబుతాను, వినండి.

ముందు అందరూ నడుం వెనక, పక్కటెముకలు అయిపోయే చోట చేతులు పెట్టుకోండి. దాదాపు అక్కడే లోపల రెండు మూత్రపిండాలుంటాయి. ఒక్కోదాని నెత్తిన చిన్న టోపీ తొడిగినట్టు ఒక గ్రంథి ఉంటుంది. అడ్రినల్ గ్రంథి అంటారు. తూకం వేస్తే నాలుగైదు గ్రాములుంటుందేమో, అంతే. దాన్ని కోసి చూస్తే మన పూర్ణంబూరెలాగా ఉంటుంది. లోపల పూర్ణం వేరు, పైన తొడుగు వేరు. పూర్ణంలోంచి వచ్చే రసం అడ్రినలిన్. పైతొడుగులోంచి వచ్చే రసం కార్టిసాల్. మనిషికి కంగారు పుట్టగానే ఈ రెండూ నెత్తుట్లో కలుస్తాయి. కానీ రెండిటి తీరూ ఒకటి కాదు.

అడ్రినలిన్ ఎండు కొబ్బరాకు మంటలాంటిది. అగ్గిపుల్ల చూపిస్తే చాలు, భగ్గుమని చూరందుకుంటుంది, చప్పున ఆరిపోతుంది. ఉలిక్కిపడ్డప్పుడు గుండె గబగబా కొట్టుకునేది దీని వల్లే. కార్టిసాల్ అలా కాదు. మా అమ్మ పెరట్లో గొయ్యి తీసి పిడకల దాలి వేసేది. దాని మీద పాలకుండ పెడితే పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా కాగుతూనే ఉండేవి, ఎర్రగా మీగడ కట్టేది. (ఆ పెరుగు రుచి మీకు ఎలా చెప్పను!) దాలి అంటుకోడానికి టైము పడుతుంది, చల్లారడానికి ఇంకా ఎక్కువ టైము పడుతుంది. అన్నయ్య గుమ్మంలో అడుగు పెట్టగానే మామ్మ ఒంట్లో కొబ్బరాకు మంట ఆరిపోయింది. దాలి ఆరలేదు.

ఈ సంగతులు మొదట తవ్వి తీసినవాళ్ళలో అమెరికాలో హార్వర్డు వైద్య కళాశాల ఆచార్యుడు వాల్టర్ కేనన్ ఒకడు. ఎక్స్‌రే కొత్తగా వచ్చిన రోజులవి. ఆయన పిల్లులకి తిండిలో బిస్మత్ అనే పొడి కలిపి పెట్టి, కడుపు ఎలా కదులుతోందో ఎక్స్‌రేలో చూస్తుండేవాడు. కడుపులో అలలు అలలుగా కదలిక వస్తోంది, బాగానే ఉంది. పిల్లికి కోపం వచ్చినా, భయమేసినా ఆ అలలు టక్కున ఆగిపోయేవి. పిల్లి కుదుటపడ్డాక మళ్ళీ మొదలు. పోట్లాటో పరుగో తప్పదని ఒళ్ళు అనుకున్నప్పుడు అరుగుదల పని పక్కన పెట్టేసి, నెత్తురంతా కాళ్ళకీ చేతులకీ పంపిస్తుందని ఆయన తేల్చాడు. 1915లో దీని మీద పుస్తకం రాశాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో వెళ్ళి చేరింది కూడా ఆ కళాశాలలోనే. పరిగెత్తిన మొదటి క్షణాల్లో కండకి అక్కరకొచ్చే ఇంధనం, ఫాస్ఫోక్రియాటిన్ అంటారు, దాని సంగతి అక్కడే ఫిస్కే అనే ఆయనతో కలిసి సుబ్బారావు గారు బయటపెట్టారు. కుక్క తరిమితే మీరు గోడ దూకేస్తారే, ఆ దూకుడు వెనక కేనన్, సుబ్బారావు గారు, ఈ ఇద్దరు పెద్దల లెక్కలూ ఉన్నాయన్నమాట.

కేనన్ చెప్పకముందే మన మామ్మలకి ఇదంతా తెలుసు. "కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంది", "అన్నం సయించడం లేదు", "నోట్లో తడారిపోయింది" అంటారే, ఒక్కోటీ ఒంట్లో జరిగే పనే. వెనకటికి దొంగతనం అనుమానం వస్తే మనిషి చేత బియ్యం నమిలించి ఉమ్మించేవారట. స్మృతుల్లో దాన్ని తండుల దివ్యం అన్నారు. భయపడ్డవాడి నోరు ఎండిపోతుందని వాళ్ళు కనిపెట్టారు, అంతవరకూ మెచ్చుకోవాలి. కానీ ఏ పాపమూ ఎరగని పెద్దావిడని పదిమందిలో నిలబెట్టి నమలమంటే ఆవిడ నోరు ఎండిపోదూ? ఆ సంగతి తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది.

సరే, మన చిట్టి ప్రశ్నలో అసలు ముడి ఇంకా విప్పలేదు. మన డాబా మీద నీళ్ళ టాంకు ఉందిగా. నీళ్ళు తగ్గితే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. నిండగానే లోపల తేలుతున్న బంతి పైకి లేస్తుంది, మోటారు ఆగిపోతుంది. మెదడులో కూడా అలాంటి బంతి ఒకటుంది. హిప్పోకేంపస్ అంటారు, సముద్రపు గుర్రం ఆకారంలో ఉంటుందని ఆ పేరు. జ్ఞాపకాలు భద్రం చేసే చోటు కూడా అదే. నెత్తుట్లో కార్టిసాల్ ఎక్కువైందని అది పసిగట్టి, "ఇక చాలు, ఆపండి" అని కబురు పంపిస్తుంది. పోయినేడు మన టాంకు పొంగి మెట్ల మీదుగా నీళ్ళు కారాయి, గుర్తుందా? మోటారుకి ఏ జబ్బూ లేదు. బంతికి పాచి పట్టి పైకి లేవడం లేదు, అంతే.

వయసు మీదపడిన ఎలుకల్లో ఇదే చూశారు. పడుచు ఎలుకనీ ముసలి ఎలుకనీ ఒకేలా హడలగొడితే రెండిట్లోనూ ఈ రసం ఒకేలా లేచింది. హడలు తీసేశాక పడుచుదానిలో తొందరగా దిగింది. ముసలిదానిలో మాత్రం చాలాసేపు దిగనే లేదు. మనుషుల్లో ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు, అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేం. కానీ మామ్మ రాత్రి రెండింటి దాకా ఎందుకు దొర్లిందో ఇప్పుడు కాస్త అర్థమవుతోంది కదూ? ఆవిడ భయం ఎనిమిదిన్నరకే పోయింది. ఒళ్ళు మాత్రం భయంలోనే ఉండిపోయింది.

ఇంకోటి కూడా ఉంది. కార్టిసాల్‌కి రోజూ ఒక నడక ఉంటుంది. తెల్లవారుజామున పెరుగుతూ వచ్చి, మనల్ని మంచం మీంచి లేపి, సాయంత్రానికి తగ్గుతూ, అర్ధరాత్రికి అడుక్కి పోతుంది. పెద్దవయసులో ఆ అర్ధరాత్రి అడుగు కాస్త పైకి జరుగుతుంది. నిద్రేమో పల్చబడుతుంది. అందుకే పగలంతా తేలిగ్గా ఉన్న సంగతి రాత్రి మూడింటికి కొండంతై కూచుంటుంది. కరెంటు బిల్లు కట్టామా లేదా, అమెరికాలో పిల్లాడి ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా, నవంబరులో పింఛను కోసం వేలిముద్ర వెయ్యాలి, అరిగిపోయిన వేలిని మిషను పడుతుందో లేదో... అన్నీ ఆ వేళకే వస్తాయి. నాకూ వస్తాయి.

ఇక మామ్మ విషయంలో మీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. 1996 నవంబరు 6. మన కోనసీమ మీద తుపాను విరుచుకుపడిన రాత్రి. నేను పని మీద కాకినాడ వెళ్ళి అక్కడే చిక్కుపడిపోయాను. అప్పటికి యానాం దగ్గర వంతెన లేదు, గోదావరి దాటాలంటే పంటు ఎక్కాల్సిందే. మీ నాన్న, అత్త చిన్నపిల్లలు. మామ్మ వాళ్ళిద్దర్నీ తెచ్చి ఇదిగో, ఈ నడవలో, ఈ గోడ వారన కూచోబెట్టింది. పెంకులు లేచిపోతున్నాయి. కొబ్బరిచెట్లు విరిగి పడుతున్న చప్పుడు తెల్లార్లూ వినపడిందని చెప్పింది. ఇరుగుపొరుగు పధ్నాలుగు మంది ఈ నడవలోకే వచ్చేస్తే, తడవకుండా మిగిలిన రెండు కట్టెలతో గంజి కాచి అందరికీ పోసింది. నేను ఇల్లు చేరేసరికి మూడోరోజు. ఆ మూడు రోజులూ నేను బతికున్నానో లేనో ఆవిడకి తెలీదు. ఆ తుపానుకి వెయ్యిమందికి పైగా పోయారర్రా.

మెదడులో బాదంపప్పంత ముక్క ఒకటుంది, అమిగ్డలా అంటారు. భయం పుట్టిన వేళ చుట్టూ ఏ గాలి, ఏ వాసన, ఏ చప్పుడు ఉన్నాయో అది పచ్చబొట్టు పొడిచినట్టు దాచిపెడుతుంది. మళ్ళీ ఆ గుర్తులు కనిపిస్తే, ఎన్నేళ్ళయినా సరే, అసలు సంగతేమిటో తెలిసేలోపే గంట కొట్టేస్తుంది. నిన్న ఈదురుగాలి, చీకటి, యానాం వైపు నుంచి రావాల్సిన మనిషి రాకపోవడం. మీకు అది బస్సు ఆలస్యం. ఆవిడకి అలా కాదు.

పధ్నాలుగు మందికి గంజి పోసిన మనిషి ఫోను స్విచ్చాఫ్ అయితే వణికిపోవడమేమిటని అనుకోకండి. పెద్దవాళ్ళు మనసు దగ్గర బలహీనులని చాలామంది అనుకుంటారు. లెక్కలు అలా చెప్పడం లేదు. స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్‌స్టెన్‌సెన్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి దీని మీదే పని చేసింది. వయసు పెరిగేకొద్దీ మనిషి రోజువారీ కోపతాపాలు తగ్గుతాయట, మిగిలిన కాలం కొంచెమే అని తెలిసి, ప్రాణానికి ఇష్టమైనవాళ్ళనీ ఇష్టమైన పనులనీ దగ్గర పెట్టుకుంటాడట. 2020లో కరోనా పెద్దవాళ్ళనే ఎక్కువగా బలి తీసుకుంటున్న రోజుల్లో కూడా, పడుచువాళ్ళకంటే పెద్దవాళ్ళే మనసు నిబ్బరంగా ఉన్నారని అక్కడ తేలింది. కొండంత కష్టం వస్తే ఏం చెయ్యాలో అనుభవం చెబుతుంది. ఎప్పుడొస్తాడో తెలియక, తన చేతిలో ఏమీ లేక, గేటు దగ్గర నిలబడ్డమే వాళ్ళని తినేస్తుంది.

అయితే దడ వచ్చిన ప్రతిసారీ "ఊరికే టెన్షన్" అని వదిలెయ్యకూడదు సుమా. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. షుగరు మాత్ర వేసుకుని అన్నం ఆలస్యమైతే చెమటలు పడతాయి. ఆయాసానికి పీల్చే మందు కూడా దడ తెప్పిస్తుంది. గుండె సంగతి సరేసరి, అది ముందు చూపించుకోవాల్సిందే. తిరగేసి కూడా జరుగుతుంది. మా స్నేహితుడొకడు రెండేళ్ళు గ్యాసు గ్యాసు అంటూ ఎన్ని ఆసుపత్రులు తిరిగాడో. పరీక్షలన్నీ బాగున్నాయి. పిల్లలు దూరదేశం, భార్య పోయింది, బెంగ అని చెప్పుకోడానికి వాడికి నోరు రాలేదు, పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాడు. మా తరం మగాళ్ళు చాలామంది ఇంతే. తెలంగాణలో మా వియ్యపురాలు "రంది పెట్టుకోకు అన్నయ్యా" అంటుంది ఫోనులో, బెంగకి అక్కడి మాట అది. ఆ రంది అనే మాట బయటికి చెప్పుకోగలిగితే సగం వైద్యం అయినట్టే. మా స్నేహితుడు మాత్రం ఎవరికీ చెప్పకుండా నిద్రమాత్రలు కొనుక్కుని మింగాడు. ఒక రాత్రి బాత్రూముకి లేచి మత్తులో పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ మాత్రలతో పెద్దవాళ్ళకి అదే ప్రమాదం, తూలు వస్తుంది, పొద్దున్న మతి కూడా కుదురుగా ఉండదు. డాక్టరు చూసి ఇస్తే వేరు, సొంత వైద్యం వద్దు. చివరికి మనసు డాక్టరు దగ్గరికెళ్ళి కూచుని మాట్లాడితే నాలుగు నెలల్లో మనిషి తేరుకున్నాడు. మన వీధి గదిలో కేలెండరు పక్కన రెండు నంబర్లు రాసి పెట్టాను చూశారా, 14567, 14416? మొదటిది పెద్దవాళ్ళ కోసం, రెండోది ఎవరికైనా మనసు బాగోకపోతే మాట్లాడ్డానికి. వాటిని చెరపకండి.

ఇప్పుడు ఒక ఆట. చూపుడువేలూ నడిమివేలూ కలిపి మణికట్టు మీద, బొటనవేలి కింద పెట్టుకోండి. నాడి తగిలిందా? గాలి గట్టిగా పీల్చండి. ఇప్పుడు మెల్లిగా, చాలా మెల్లిగా వదలండి, వేడి పాలు ఊదుకుంటున్నట్టు. ఏమైంది? పీల్చేటప్పుడు నాడి తొందరపడింది, వదిలేటప్పుడు నెమ్మదించింది! మీ వయసులో ఇది బాగా తెలుస్తుంది, నా వయసులో మందంగా తెలుస్తుంది. మెదడు అడుగు నుంచి బయల్దేరి మెడ గుండా గుండెకీ పొట్టకీ దిగే వేగస్ నరం చేసే పని ఇది. అది గుండెకి పగ్గం వేసి పట్టుకుంటుంది.

ఆ పగ్గం గుట్టు కనిపెట్టినాయన కథ నాకెంత ఇష్టమో. ఆస్ట్రియాలో గ్రాజ్ అనే ఊళ్ళో ఒటో లోవీ అని ఒక ఆచార్యుడు. ఒక రాత్రి కలలో ప్రయోగం ఒకటి కనిపించింది. లేచి కాగితం మీద గీకి పడుకున్నాడు. తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు! రోజంతా కొట్టుకున్నాడు. మర్నాడు రాత్రి మూడింటికి ఆ ఆలోచన మళ్ళీ వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్మలేదు, తిన్నగా ప్రయోగశాలకే వెళ్ళిపోయాడు. రెండు కప్పల గుండెలు తీసి ఉప్పునీళ్ళలో ఉంచాడు. మొదటి గుండెకున్న వేగస్ నరాన్ని కరెంటుతో కదిపితే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న నీళ్ళు తీసి రెండో గుండెకి పోశాడు. ఏ నరమూ తగలని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది! నరం చివర ఏదో మందు ఊరుతోందన్నమాట. 1921లో ఈ సంగతి అచ్చయింది, 1936లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ తర్వాతది ఇంకా వినాలి. 1938 మార్చిలో నాజీలు ఆస్ట్రియాని ఆక్రమించిన రాత్రి, యూదుడని ఆయన్ని నిద్రలోంచి లేపి, తుపాకులు గురిపెట్టి జైల్లో పడేశారు. అరవై అయిదుకి దగ్గర పడిన మనిషి. చంపేస్తారనే అనుకున్నాడు. అంతకంటే పెద్ద దిగులు ఇంకోటి పట్టుకుంది: చివరగా చేసిన ప్రయోగం ఇంకా అచ్చు కాలేదే, అది తనతోనే పోతుందేమో అని. నిద్ర లేదు. బతిమాలగా బతిమాలగా కొన్ని రోజులకి ఒక పోస్టుకార్డు, కలం ఇచ్చారు. కాపలావాడు చూస్తుండగా ఆ ఫలితాలు దాని మీద రాసి పత్రికకి పంపించాడు. ఆ కార్డు చేతిలోంచి వెళ్ళిపోగానే ఎంత ఊరట కలిగిందో తర్వాత ఆయనే రాసుకున్నాడు. తలుపు ఇంకా మూసే ఉంది, తుపాకులు అక్కడే ఉన్నాయి. ఒక్క పని తన చేత్తో అయింది, అంతే. నోబెల్ డబ్బంతా వాళ్ళకి అప్పగించాక దేశం దాటనిచ్చారు. అమెరికా చేరి, పాఠాలు చెప్పుకుంటూ, 88 ఏళ్ళు బతికాడు.

ఆ పోస్టుకార్డు కథ చదివిన దగ్గర్నుంచీ నేను తలగడ పక్కన చిన్న పుస్తకం, పెన్సిలు పెట్టుకుంటున్నాను. రాత్రి మూడింటికి కరెంటు బిల్లు గుర్తొస్తే రాసేస్తాను. నిన్న రెండింటికి మామ్మ లేచి కూచుంటే నేనూ లేచాను. "వాడొచ్చేశాడు, పడుకో" అనలేదు. అది ఆవిడకి తెలుసు. పక్కన కూచుని ఇద్దరం మెల్లిగా గాలి వదులుతూ కూచున్నాం. కాసేపటికి ఆవిడే తుపాను రాత్రి కబుర్లు తీసింది. నాకు ఇన్నేళ్ళూ చెప్పని మాట ఒకటి చెప్పింది. అది మాత్రం మీకు చెప్పను.

మామ్మ పనులు మీరు లాక్కోకండి, అది కూడా చెప్పాలి. "కూచో మామ్మా, మేం చేస్తాం" అని ప్రేమగానే అంటారు. 1976లో అమెరికాలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు ఒక వృద్ధుల ఆశ్రమంలో చూశారు. కొందరికి తలా ఒక మొక్క ఇచ్చి, నీళ్ళు పొయ్యడం మీ పని, మీ గది ఎలా ఉండాలో మీరే చెప్పండి అన్నారు. మిగతావాళ్ళకీ మొక్కలిచ్చారు గానీ నీళ్ళు నర్సులే పోశారు. తమ మొక్కకి తామే నీళ్ళు పోసుకున్నవాళ్ళు మూడు వారాల్లో హుషారుగా, చురుగ్గా తయారయ్యారు. మామ్మ కనకాంబరాలకి మీరు పైపు పెట్టి నీళ్ళు కొట్టినప్పుడు ఆవిడ ఎందుకు కసిరిందో తెలిసిందా?

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. జే వైస్ అనే ఆయన ఎలుకలకి చిన్న కరెంటు షాకులు ఇచ్చాడు. కొన్నిటికి షాకుకి ముందు చప్పుడు వినిపించాడు. కొన్నిటికి ఏ హెచ్చరికా లేదు. షాకులు రెండిటికీ సమానమే. హెచ్చరిక లేనివాటి కడుపులోనే పుళ్ళు ఎక్కువ పడ్డాయి. చప్పుడు వినిపించేవాటికి చప్పుడు లేనంతసేపూ నిశ్చింత. రెండోవాటికి ఏ క్షణమూ నిశ్చింత లేదు. పాపం ఎలుకలు! ఈ మాటే పొద్దున్న మీ అన్నయ్యకి చెప్పాను. ఎన్నింటికి వస్తావో చెప్పడం కాదురా, బస్సెక్కగానే ఒక ఫోను, దారిలో ఒక ఫోను చెయ్యి అన్నాను. చార్జింగు పెట్టుకునే బ్యాటరీ కూడా ఇచ్చి పంపించాను. నాలుగింటి బస్సుకి వెళ్ళాడు.

ఉండండి, లోపల ఫోను మోగుతోంది. చిట్టీ, వెళ్ళకు, మామ్మే తీస్తుంది.

"ఆఁ... యానాం వంతెన దాటావా? సరే సరే, పెట్టేస్తున్నా, పాలు పొంగుతున్నాయి."